అన్నము, మనస్సు, మెదడులోని రసాయనములు

ఛాందోగ్యోపనిషత్తు ఆరవ అధ్యాయములో ఒక చిన్న కథ ఉన్నది. ఉద్దాలకుడను ఋషి తన కుమారుడైన శ్వేతకేతువునకు మనస్సు అన్నమునుండి పుట్టినదని బోధించినాడు. కుమారునకు నమ్మకము కుదరలేదు. అప్పుడు తండ్రి పదునైదు దినములు ఆహారము మాని, నీరు మాత్రము త్రాగుచుండుమని చెప్పినాడు. గడువు తీరిన పిమ్మట వేదమును వల్లింపుమనగా కుమారునకు ఒక్క మంత్రమైనను స్ఫురించలేదు. మరల భోజనము చేసి వచ్చిన పిదప అడిగినదెల్ల అప్పగించినాడు. తండ్రి వాదముతో చేయలేనిపనిని ఆకలి చేసినది.

ఈ కథను వేదాంతార్థమున చెప్పువారు చెప్పుదురు గాక. దీనియందొక ప్రయోగపద్ధతి ఉన్నదని మాత్రము ఎవరైనను ఒప్పుకొనక తప్పదు. ఒక వస్తువును తొలగించుట, మార్పును గమనించుట, మరల ఆ వస్తువును ఇచ్చి చూచుట అను ఈ మూడు మెట్లే నేటి వైద్యశాస్త్రజ్ఞుని మెట్లు కూడా. మన సంతోషమునకు, దిగులునకు మెదడులోని ఏ పదార్థములు కారణమగుచున్నవో శాస్త్రజ్ఞులు తెలిసికొన్నది ఈ దారినే. ఆ దారిలో మన తెలంగాణపు మెట్టసీమకును, హైదరాబాదులోని ఒక పరిశోధనాలయమునకును కొంత స్థానమున్నది. ఆ చరిత్రను స్థూలముగా చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

మనస్సు చెడినప్పుడు దానికి కారణము వెదకుట మానవునకు అనాదిగా ఉన్న అలవాటు. మన ఆయుర్వేదము వాతపిత్తకఫముల వైషమ్యమును చెప్పినది. ప్రాచీన గ్రీకులు శరీరములో నల్లని పిత్తము పెరిగినచో మనిషి విషాదగ్రస్తుడగునన్నారు. పల్లెలలో గాలి సోకినదని, ఎవరో చేతబడి చేసినారని అనుకొన్నారు. తెలంగాణములో ఒక చక్కని మాట ఉన్నది: రంది. కొడుకు దూరదేశము పోయిన తల్లికి రంది. పంట ఎండిన రైతునకు రంది. రందితో మనిషి చిక్కిపోయినాడందురు. మనస్సులోని బాధ ఒంటిని తినివేయునని ఆ మాట చెప్పుచున్నది. కాని ఒంటిలోని లోపము మనస్సును తినివేయునా అను ప్రశ్నకు సమాధానము ఇరువదవ శతాబ్దమువరకు స్పష్టముగా లభించలేదు.

ముందుగా మెదడు పనిచేయు తీరును గూర్చి ఒక మాట. మెదడులో కోట్లకొలది నాడీకణములున్నవి. ఒక కణమునకు, దాని ప్రక్క కణమునకు నడుమ కంటికి కనబడని సన్నని సందు ఉన్నది. వార్త ఆ సందును దాటునది ఎట్లు? విద్యుత్తు నిప్పురవ్వవలె దుముకునని చాలామంది భావించినారు. 1921లో ఆస్ట్రియా దేశమునందలి గ్రాజ్ నగరములో ఆటో లోయీ అను శాస్త్రజ్ఞుడు రెండు కప్పగుండెలతో ఒక ప్రయోగము చేసినాడు. మొదటి గుండెకు పోవు నాడిని ప్రేరేపింపగా అది మెల్లగా కొట్టుకొన్నది. దానిని తడిపిన ద్రవమును తీసి రెండవ గుండెపై పోయగా, నాడితో ఏ సంబంధమును లేని ఆ రెండవ గుండె కూడా నెమ్మదించినది. వార్తను మోసినది ద్రవములో కలిసిన ఒక రసాయనమని తేలినది. ఈ కృషికి లోయీకిని, ఇంగ్లండుకు చెందిన హెన్రీ డేల్‌కును 1936లో నోబెల్ బహుమానము లభించినది. నాడులు రసాయనముల భాషలో మాటాడుకొనునని ఆనాటినుండి లోకమునకు తెలిసినది.

ఇక మన నేలకు వత్తము. సికిందరాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గములో, హైదరాబాదునకు సుమారు 70 కిలోమీటర్ల దూరములో ఆలేరు ఉన్నది. 2016 వరకు ఇది నల్లగొండ జిల్లాలోనిది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. ఆలేరు మొదలు దక్షిణముగా మహబూబునగరము వరకు పరచుకొన్న ఈ సీమ మెట్ట ప్రాంతము. ఎఱ్ఱని చల్కా నేలలు, వానపై ఆధారపడిన సేద్యము, చెరువు నిండిన ఏట మాత్రమే వరి. అందుచేత తరతరములుగా ఇక్కడి పేదల నిత్యాహారము జొన్న. పచ్చజొన్నల రొట్టె, జొన్న గటక, అంబలి కూలివాని కడుపు నింపినవి. కలిగినవారి ఇంట రొట్టెతోపాటు పప్పు, పాలు, మజ్జిగ ఉండెడివి. లేనివాని ఇంట గటకతోపాటు పచ్చిమిరపకాయ, ఉప్పు, చింతపండు పులుసు ఉండెడివి. ఈ రెండు విస్తళ్లకు గల భేదమే ఈ కథలోని కీలకము.

జొన్న తిను ఈ పేదలలో ఒక వ్యాధి కనబడుచుండెడిది. ఎండ తగిలినచోట్ల, అనగా మెడచుట్టును, ముంజేతులమీదను, పాదములమీదను చర్మము కమిలి, నల్లబడి, పొలుసులుగా ఊడును. నోరు పూయును, నాలుక ఎఱ్ఱబారును, విరేచనములు పట్టుకొనును. వీటితోపాటు, ఒక్కొక్కప్పుడు వీటికంటె ముందుగానే, మనస్సు మారిపోవును. నిద్ర పట్టదు. పని యందు ఆసక్తి నశించును. కారణము లేని దిగులు, చిరాకు, భయము కలుగును. మనిషి ఒక మూల కూర్చుండి ఎవరితోను మాటాడడు. వ్యాధి ముదిరినచో తికమక, మతిభ్రంశము కలిగి తుదకు మరణము కూడా సంభవించును. చర్మమును చూచినవారు దానిని చర్మరోగమనుకొన్నారు. మనస్సును చూచినవారు పిచ్చి అనుకొన్నారు. హైదరాబాదు మానసిక చికిత్సాలయములో చేరినవారిలో కొందరు వస్తుతః ఈ వ్యాధిగ్రస్తులే.

ఈ వ్యాధి పేరు పెల్లాగ్రా. పేరు ఇటలీది, గరుకు చర్మమని అర్థము. 1735లో స్పెయిను దేశపు అస్తూరియాస్ ప్రాంతములో గాస్పర్ కసాల్ అను వైద్యుడు దీనిని మొదట గుర్తించి వర్ణించినాడు. ఆయన రోగులందరును నిరుపేదలు, మొక్కజొన్న తినువారు. అమెరికాఖండమునుండి మొక్కజొన్న ఐరోపాకు వచ్చిన పిదప ఇటలీ, ఫ్రాన్సు, రుమేనియాలకు ఈ వ్యాధి ప్రాకినది. ఉత్తర ఇటలీలోని పిచ్చాసుపత్రులు పెల్లాగ్రా రోగులతో నిండినవి. ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా, మొక్కజొన్నకు పుట్టినిల్లయిన మెక్సికోలో ఈ వ్యాధి అరుదు. అక్కడి స్త్రీలు గింజలను సున్నపునీటిలో ఉడికించి రుబ్బుదురు. గింజలో చిక్కుపడియున్న ఒక పోషకము ఆ సున్నముచేత విడివడును. ఐరోపావారు గింజను తెచ్చుకొన్నారే కాని వంటను తెచ్చుకొనలేదు.

ఇరువదవ శతాబ్దారంభమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లాగ్రా విజృంభించినది. అది అంటువ్యాధి అని చాలామంది వైద్యుల నమ్మకము. 1914లో ప్రభుత్వము జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ అను వైద్యుని ఈ పనికి నియమించినది. ఆయన పిచ్చాసుపత్రులను, అనాథాశ్రమములను దర్శించి ఒక్క విషయము గమనించినాడు. రోగులకు పెల్లాగ్రా వచ్చుచున్నది. వారితో రేయింబవళ్లు మెలగు పరిచారకులకు రాదు. అంటువ్యాధియైనచో పరిచారకులను ఏల విడిచిపెట్టును? ఇరువురకును భేదము భోజనములోనే ఉన్నది. పాలు, మాంసము, గ్రుడ్లు ఇచ్చిన ఆశ్రమములలో వ్యాధి మాయమైనది. 1915లో మిసిసిపీ రాష్ట్రపు కారాగారములో విడుదల వాగ్దానముపై ముందుకు వచ్చిన 11 మంది ఆరోగ్యవంతులకు మొక్కజొన్న ప్రధానమైన ఆహారమును కొన్ని నెలలు పెట్టగా ఆరుగురికి పెల్లాగ్రా వచ్చినది. ఈనాటి వైద్యనీతి అట్టి ప్రయోగమును అంగీకరించదు. అప్పటికిని కొందరు నమ్మలేదు. గోల్డ్‌బెర్గర్, ఆయన సహచరులు, ఆయన భార్య రోగుల రక్తాదులను తమ శరీరములలోనికి ఎక్కించుకొని తమకు వ్యాధి రాదని చూపినారు. 1929లో ఆయన మరణించునాటికి వ్యాధి ఆహారలోపమువలన వచ్చుననుట స్థిరపడినది. లోపించిన వస్తువేదియో తెలియలేదు.

అది 1937లో తెలిసినది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో కాన్రాడ్ ఎల్వేహెమ్, కుక్కలకు వచ్చు నల్లనాలుక వ్యాధిని, పెల్లాగ్రాకు తోబుట్టువైన దానిని, నికొటినిక్ ఆమ్లముతో కుదిర్చినాడు. ఈ పదార్థము 1867 నుండియే రసాయనశాస్త్రజ్ఞులకు తెలియును. డెబ్బది ఏండ్లు సీసాలలో నిలిచియున్న వస్తువు వేలమందిని బ్రతికింపగల ఔషధమని అంతవరకు ఎవరును ఎఱుగరు. పేరు విని జనులు దీనిని పొగాకులోని విషమని పొరబడకుండుటకై తరువాత నయాసిన్ అని పేరు పెట్టినారు. అదే కాలములో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డులో యకృత్తు సారములను శోధించుచుండినారు. నికొటినిక్ ఆమ్లము ఆయన కృషిలోను ఒక భాగము.

నయాసిన్ ఇచ్చినచో ఏమి జరిగినది? చర్మము మానుటకు వారములు పట్టినది. కాని మనస్సు కొన్ని దినములలోనే తేటపడినది. నిన్నటివరకు బంధువులను గుర్తుపట్టని రోగి నేడు పేరుపెట్టి పిలిచినాడు. పిచ్చివారని తలుపులు మూసి ఉంచినవారు ఇంటికి నడచి పోయినారు. ఒక రసాయనము లోపించినచో మనస్సు చెడుననుటకు, దానిని తిరిగి ఇచ్చినచో బాగుపడుననుటకు వైద్యచరిత్రలో ఇంత స్పష్టమైన నిదర్శనము అరుదు. శ్వేతకేతువు కథ ఆసుపత్రి మంచముపై మరల జరిగినది.

హైదరాబాదు ప్రవేశించుట ఇక్కడ. 1918లో నీలగిరులలోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధన క్రమముగా పోషకాహార పరిశోధనాలయముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కన తార్నాకలో స్థిరపడిన ఈ సంస్థకే 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు వచ్చినది. అక్కడి వైద్యులకు జొన్న తిను పేదల పెల్లాగ్రా ఒక చిక్కు సమస్యగా కనబడినది.

చిక్కు ఇట్టిది. మన శరీరము నయాసిన్‌ను రెండు దారులలో సంపాదించుకొనును. ఆహారమునుండి నేరుగా పొందుట ఒకటి. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అను ఎమైనో ఆమ్లమునుండి తయారుచేసికొనుట రెండవది. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ నుండి ఒక మిల్లీగ్రాము నయాసిన్ లభించునని లెక్క. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, నయాసిన్ బంధింపబడియున్నది. కనుక దానిని తినువారికి వ్యాధి రావలెను. కాని జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. అయినను జొన్న తిను నల్లగొండ, మహబూబునగర ప్రాంతములవంటి మెట్టసీమలలో పెల్లాగ్రా ఏల?

డాక్టరు సి. గోపాలన్, డాక్టరు ఎస్. జి. శ్రీకంఠయ్య 1960లో లండను నగరపు లాన్సెట్ పత్రికలో దీనికొక సమాధానము ప్రకటించినారు. జొన్నకును మొక్కజొన్నకును సమానమైన గుణము మరొకటి ఉన్నది. రెండింటిలోను ల్యూసిన్ అను ఎమైనో ఆమ్లము మితిమీరి ఉన్నది. ఈ ఆధిక్యము ట్రిప్టోఫాన్ నడకను దారి తప్పించి నయాసిన్ వినియోగమును చెడగొట్టుచున్నదని వారి వాదము. వ్యాధికి ఒక వస్తువు లేమి మాత్రమే కాదు, వస్తువుల పొత్తు చెడుట కూడా కారణము కావచ్చునని చెప్పిన ఈ ఆలోచన ఆనాటికి క్రొత్తది. 1969లో ఈ సంస్థవారే కుక్కలలో నల్లనాలుక వ్యాధికి ల్యూసిన్ సంబంధమును గూర్చి మరల లాన్సెట్‌లో వ్రాసినారు.

ఈ ట్రిప్టోఫాన్‌కు మెదడుతో ఏమి పని? దాని సమాధానము మరొక దిక్కునుండి వచ్చినది. 1948లో అమెరికాలోని క్లీవ్‌లండ్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ అను మువ్వురు రక్తమునుండి రక్తనాళములను ముడుచుకొనజేయు ఒక పదార్థమును వేరుచేసి సెరటోనిన్ అని పేరు పెట్టినారు. 1953లో బెట్టీ ట్వారోగ్, పేజ్ అదే పదార్థము మెదడులో కూడా ఉన్నదని చూపినారు. శరీరములోని సెరటోనిన్‌లో అధికభాగము జీర్ణకోశములోనే ఉండును. మెదడులో ఉండునది స్వల్పము. కాని ప్రేగులలోని సెరటోనిన్ మెదడులోనికి పోజాలదు. మెదడు తనకు వలసినది తానే తయారుచేసికొనవలెను. దానికి ముడిసరుకు ట్రిప్టోఫాన్. అనగా నయాసిన్‌కును, సెరటోనిన్‌కును ఒకే ఊటబావి. నీరు చాలనప్పుడు ఒక మడి తడిసిన మరొక మడి ఎండును. చెరువుక్రింద వ్యవసాయము చేయువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ సమయముననే మన దేశపు మూలిక ఒకటి ప్రపంచ వైద్యులకు దారి చూపినది. సర్పగంధ వేరును పాముకాటుకును, ఉన్మాదమునకును మనవారు చిరకాలమునుండి వాడుచుండిరి. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక చంద్ర బోస్ ఈ వేరు రక్తపు పోటును తగ్గించుననియు, ఉన్మాదమును శమింపజేయుననియు ప్రకటించినారు. అదే కాలమున ఢిల్లీలో సిద్దిఖీ సోదరులు వేరులోని క్షారములను వేరుచేసినారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపు పోటుపై దీని ప్రభావమును బ్రిటిషు పత్రికలో వివరించినారు. 1952లో స్విట్జర్లండులోని సీబా సంస్థవారు దానినుండి రిసర్పిన్ అను పదార్థమును వేరుచేసినారు. 1954లో న్యూయార్కు రాష్ట్రములోని ఒక మానసిక చికిత్సాలయములో నేథన్ క్లైన్ దానిని రోగులకిచ్చి ఫలితములు ప్రకటించినాడు.

అప్పుడొక వింత బయటపడినది. రక్తపు పోటుకై రిసర్పిన్ తీసికొన్న కొందరు కారణము లేని గాఢమైన విషాదములో మునిగినారు. 1955లో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలవారు రిసర్పిన్ మెదడులోని సెరటోనిన్ నిల్వలను వెడలగొట్టుచున్నదని కనుగొన్నారు. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్‌చేత కదలక పడియున్న కుందేళ్లకు డోపా అను పదార్థమునిచ్చి లేపి నిలబెట్టినాడు. డోపమైన్ మెదడులో స్వతంత్రముగా పనిచేయు దూత అని దీనివలన తేలినది. 2000లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. మరొకవైపు 1952 ప్రాంతమున క్షయరోగులకు ఇచ్చిన ఇప్రోనియజిడ్ అను మందు వారి మనస్సులను ఉత్సాహపరచినది. ఆ మందు ఇట్టి రసాయనములు శిథిలము కాకుండ కాపాడునదని తెలిసినది. ఒక మందు నిల్వలను ఖాళీచేసిన దిగులు, మరొకటి కాపాడిన ఉత్సాహము! దీనినిబట్టి 1960వ దశకములో, విషాదరోగమునకు కారణము మెదడులో ఈ రసాయనముల కొరత అను సిద్ధాంతము వెలసినది.

హైదరాబాదు వైద్యులు ఈ రెండు త్రోవలను కలిపినారు. మెదడును కోసి సెరటోనిన్‌ను కొలుచుట సాధ్యము కాదు. కాని రక్తములోని సూక్ష్మఫలకములు, అనగా గాయమైనప్పుడు నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు కణములు, నాడీకణములవలెనే సెరటోనిన్‌ను పీల్చి దాచుకొనును. 1970లో డాక్టరు కమలా కృష్ణస్వామి, ఆమె సహకారి పెల్లాగ్రా రోగుల రక్తములో దీనిని కొలిచినారు. మానసిక లక్షణములున్న రోగులలో అది తక్కువగా ఉన్నదని తెలిపినారు. మెదడునుండి వెలువడు విద్యుత్తరంగముల చిత్రములలో కూడా ఈ రోగులకు మార్పులున్నవని ఆ సంస్థవారు గమనించినారు. ల్యూసిన్‌కు ప్రతిగా ఐసోల్యూసిన్ అను మరొక ఎమైనో ఆమ్లమునిచ్చినచో చర్మముపైనను, ఆ తరంగములపైనను కలుగు ఫలితమును గూర్చి 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ లాన్సెట్‌లో ప్రకటించినారు. దిగులు అనునది కొలతకు అందనిదని అంతవరకు అనుకొన్నాము. జొన్నగటక తిని, ఎండలో కలుపు తీసిన కూలిజనుల నెత్తురులో దాని జాడ కొలతకు అందినది.

దీనికి సమీపమైన విషయమును 1972లో అమెరికాలో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ ఎలుకలలో చూపినారు. రక్తమునుండి మెదడులోనికి పోవుటకు ట్రిప్టోఫాన్, ల్యూసిన్ మొదలగు పెద్ద ఎమైనో ఆమ్లములన్నిటికిని ఒకే ద్వారమున్నది. ఇరుకైన బస్సు తలుపువద్ద జనము త్రోసికొన్నట్లు అవి పోటీపడును. ల్యూసిన్ గుంపు పెద్దదైన ట్రిప్టోఫాన్‌కు చోటు చిక్కదు. కాబట్టి మనము తిన్నదానిలోని పాళ్లు మారినచో మెదడులోని సెరటోనిన్ కూడా కొంత మారగలదు.

ఇంతవరకు చెప్పినది వినిన, దిగులునకు మందు దొరికినదని, ఇక మనస్సును గూర్చి తెలియవలసినదేదియు లేదని తోచవచ్చును. సత్యము అంత సులభము కాదు. ల్యూసిన్ సిద్ధాంతము ఇతర దేశములలోని కొన్ని ప్రయోగశాలలలో ధ్రువపడలేదు. విటమిన్ బి 6 లోపము వంటి ఇతర కారణములను కూడా పరిశోధకులు లెక్కలోనికి తీసికొన్నారు. సెరటోనిన్ కొరతయే విషాదరోగమను వాదమును కూడా కాలము సవరించినది. 1987లో అమెరికా అనుమతి పొందిన ఫ్లూయాక్సెటిన్ వంటి మాత్రలు సెరటోనిన్‌పై కొన్ని గంటలలోనే పనిచేయును. కాని మనస్సు తేరుకొనుటకు కొన్ని వారములు పట్టును. కొరతను పూడ్చుట మాత్రమే చికిత్సయైనచో ఈ ఆలస్యమేల? 1990లో యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు, మందులతో కోలుకొనిన రోగుల ఆహారమునుండి ట్రిప్టోఫాన్‌ను తొలగింపగా పలువురికి కొన్ని గంటలలో విషాదము తిరుగబెట్టినది. సుఖముగా ఉన్న ఆరోగ్యవంతులకు అట్లు చేసినచో సాధారణముగా అంతటి మార్పు కలుగదు. 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష, విషాదరోగులందరిలోను సెరటోనిన్ తక్కువగా ఉన్నదనుటకు నిలుకడైన సాక్ష్యము లేదన్నది. సెరటోనిన్ ఒక్కటే తాళపుచెవి కాదు. డోపమైన్, నారడ్రెనలిన్, శరీరమునకు ఒత్తిడి కలిగినప్పుడు ఊరు కార్టిసాల్, నిద్ర, వంశము, బాల్యము, బీదరికము, ఒంటరితనము అన్నియు కలిసి మనస్సును నడుపుచున్నవి.

అట్లని మందులు వ్యర్థమని తలచరాదు. అవి పలువురికి మేలుచేయుచున్నవి. వైద్యుని అడుగక వాటిని హఠాత్తుగా మానుట ప్రమాదకరము. సిద్ధాంతము అసంపూర్ణమైనను చికిత్స పనిచేయవచ్చును. గోల్డ్‌బెర్గర్‌కు నయాసిన్ పేరు తెలియదు. అయినను పాలు, గ్రుడ్లు పెట్టి రోగులను బ్రతికించినాడు.

ఇక మన సీమలోని పెల్లాగ్రా ఏమైనది? దానిని పారద్రోలినది ఆసుపత్రి ఒక్కటే కాదు. కాలక్రమమున బావులు, బోరులు వచ్చి వరిసాగు పెరిగినది. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో 2 రూపాయలకు బియ్యము ఇచ్చు పథకమును అమలుపరచినది. చౌకడిపోల బియ్యము పేదల కుండలలోనికి వచ్చినది. జొన్న ఒక్కటే తిని బ్రతుకవలసిన అగత్యము తగ్గినది. ఒకప్పుడు ఆసుపత్రి వరండాలలో నిత్యము కనబడిన వ్యాధి నేడు అరుదైనది. ఇప్పుడు కనబడునది ముఖ్యముగా మద్యపానమునకు లోనై అన్నము మానినవారిలోను, కొన్ని క్షయ మందులు వాడువారిలోను.

జొన్నను దోషిగా నిలబెట్టుట న్యాయము కాదు. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యముల సంవత్సరముగా జరిపినది. నాడు పేదవాని తిండియైన జొన్నరొట్టె నేడు పట్టణములలో వైద్యుల సలహాపై తినబడుచున్నది. అది మంచిదే. పప్పు, పాలు, మజ్జిగ, వేరుసెనగ, ఆకుకూర తోడైనచో జొన్న ఏ కీడును చేయదు. కీడు చేసినది గింజ కాదు. దాని ప్రక్కన మరేమియు లేని విస్తరి. పెల్లాగ్రా పేదరికపు రోగము. దానిని పిచ్చి అని పిలుచుట, ఆకలికి మరొక పేరు పెట్టుటయే.

ఈ చరిత్రనుండి గృహస్థులు గ్రహింపవలసినవి రెండు. ఇంటిలో ఒకరు నిద్రమాని, మాట తగ్గించి, పనియందు ఆసక్తి విడిచి వారములతరబడి ఉన్నప్పుడు, అది సోమరితనమని గాని, పొగరని గాని, గాలి సోకినదని గాని నిర్ణయింపరాదు. అన్నము సరిగా తినుచున్నారా, నెత్తురు తక్కువైనదా, థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయుచున్నదా, ఏ మందులు వాడుచున్నారు అని వైద్యునిచేత విచారింపజేయవలెను. ఇది మొదటిది. పరీక్షలన్నియు సరిగా ఉన్నవని చెప్పినంతమాత్రమున ఆ బాధ అబద్ధమని అనుకొనరాదు. సూక్ష్మఫలకములను లెక్కించిన యంత్రము ఎండిన పంటను, తీరని అప్పును, పోయిన బిడ్డను లెక్కింపలేదు. అట్టి రందికి చెవి ఒగ్గి వినువారు కావలెను. అవసరమైన మానసిక వైద్యుడును కావలెను. ఇది రెండవది. 2022 నుండి కేంద్ర ప్రభుత్వము నడుపుచున్న టెలీ మానస్ సహాయ కేంద్రమునకు 14416 అను సంఖ్యపై ఎవరైనను ఉచితముగా మాటాడవచ్చును, తెలుగులోను మాటాడవచ్చును.

ఉద్దాలకుడు తన కుమారునకు చెప్పినది సగము సత్యము కాదు. కాని సంపూర్ణ సత్యమును కాదు. మనస్సు అన్నముచేత నిలుచుచున్నది. అయితే అన్నము పెట్టు చేయి, ప్రక్కన కూర్చుండి తినుమని చెప్పు మనిషి కూడా ఆ మనస్సును నిలుపుచున్నారు. పదునైదు దినములు పస్తున్న కుమారుని తండ్రి తిట్టలేదు. పోయి భుజించి రమ్మన్నాడు. దిగులుపడినవారి విషయమున మనము చేయవలసిన మొదటి పని అదియే.